కింద ఇనుము... పైన ఏనుగు

అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ నడిపే పీఎన్ఏఎస్ పత్రికలో 2021 సెప్టెంబరులో పులుల మీద ఒక పరిశోధనా పత్రం వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే, నవంబరులో, రాళ్ల మీద ఇంకొకటి వచ్చింది. ఒకటి జన్యుశాస్త్రం, రెండోది భూగర్భశాస్త్రం. రాసిన బృందాలు వేరు, చదివేవాళ్లూ వేరు. కానీ రెండు బృందాలూ నమూనాలు ఏరుకున్న నేల ఒక్కటే. జంషెడ్‌పూర్ కొలుములకు తొలి ఇనుప ఖనిజం వెళ్లింది కూడా ఆ నేల నుంచే.

భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని సింగ్‌భూమ్ క్రేటాన్ అంటారు. ఝార్ఖండ్ దక్షిణ కొస నుంచి ఒడిశాలోని కియోంఝర్, మయూర్‌భంజ్ జిల్లాల దాకా పరుచుకున్న పాత రాతి దిమ్మ అది. పాతదంటే ఎంత పాతది? కియోంఝర్ జిల్లా చంపువా దగ్గర రాళ్లలో దొరికిన ఒక జిర్కాన్ ఖనిజ రేణువు వయసు 424 కోట్ల ఏళ్లని 2018లో త్రిస్రోత చౌధురి బృందం ప్రకటించింది. భూమి పుట్టిందే దాదాపు 454 కోట్ల ఏళ్ల క్రితం.

2021 నవంబరు పత్రం ఇంకో ప్రశ్న తీసుకుంది. సముద్రంలోంచి నేల మొదట ఎప్పుడు తల పైకెత్తింది? ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రియదర్శి చౌధురి, సహచరులు ఇక్కడి ఇసుకరాళ్లను చదివారు. నదులూ అలలూ వదిలిపెట్టిన గుర్తులు ఆ రాళ్లలో ఉన్నాయి. నది పారాలంటే నేల ఉండాలి కదా! రాళ్లలోని జిర్కాన్‌లు వాటి వయసు 300 కోట్ల ఏళ్లు దాటిందని చెప్పాయి. కింది నుంచి శిలాద్రవం పొంగి పొంగి పేరుకోవడంతో ఇక్కడి భూపటలం మందమెక్కింది, తేలికైంది. నీళ్లలో దుంగ ఎంత లావుగా ఉంటే అంత పైకి తేలినట్టు, 330 నుంచి 320 కోట్ల ఏళ్ల మధ్య ఈ దిమ్మ సముద్రం పైకి లేచిందని వాళ్లు తేల్చారు. అప్పటిదాకా అనుకున్న కాలానికి 70 కోట్ల ఏళ్లు ముందన్నమాట.

పులుల పత్రం సిమిలిపాల్‌ది. జంషెడ్‌పూర్‌కు దక్షిణాన, మయూర్‌భంజ్‌లో ఉన్న ఈ అభయారణ్యంలో కొన్ని పులుల చారలు బాగా వెడల్పై, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఒళ్లంతా మసి పూసినట్టు కనిపిస్తాయి. బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ పరిశోధన సంస్థకు చెందిన ఉమా రామకృష్ణన్, వినయ్ సాగర్ బృందం దానికి కారణం పట్టుకుంది. టాక్‌పెప్ అనే జన్యువులో ఒకే ఒక్క మార్పు. సిమిలిపాల్ పులుల్లో మూడో వంతుకు పైగా ఇలాంటివే. ఈ పత్రం రచయితల్లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త పి. అనురాధా రెడ్డి కూడా ఉన్నారు.

నల్లపులి అనగానే పర్యాటక శాఖలకు సంబరం. పత్రం చెబుతున్నది మాత్రం సంబరపడే మాట కాదు. చుట్టూ అడవి తెగిపోయి, బయటి పులి వచ్చే దారి లేక, ఉన్న కొద్ది పులులూ తమలో తాము జతకట్టడం వల్లే ఆ అరుదైన జన్యువు అంతగా పెరిగింది.

సరే, పులి దారి ఎందుకు మూసుకుపోయింది? ఆ సంగతి రాళ్ల పత్రమూ రాయలేదు, పులుల పత్రమూ రాయలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటేనే కనిపిస్తుంది.

తుపాకీ, సుత్తి, నోటుబుక్కు

ఒకప్పుడు రాయినీ జంతువునూ చూసే మనిషి ఒక్కడే. వాలెంటైన్ బాల్ అనే ఐరిష్ యువకుడు 1864లో జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరాడు. మాన్‌భూమ్, సింగ్‌భూమ్ అడవుల్లో ఏళ్ల తరబడి తిరిగి రాతి పటాలు గీశాడు. అదే తిరుగుడులో పక్షుల జాబితా కూడా రాసుకున్నాడు. ఛోటా నాగ్‌పూర్ పక్షుల మీద ఆయన రాసిన వ్యాసం 1874లో 'స్ట్రే ఫెదర్స్' పత్రికలో అచ్చయింది. 1880లో వచ్చిన 'జంగిల్ లైఫ్ ఇన్ ఇండియా' పుస్తకంలో బొగ్గు పొరలు, పులి అడుగులు, సంతాల్ పల్లెలు అన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

మన గోదావరి తీరానికీ అలాంటి మనిషే వచ్చాడు. విలియం బ్లాన్‌ఫోర్డ్ సర్వే ఉద్యోగంలో గోదావరి లోయ రాళ్లు చదువుతూ సిరొంచ, భద్రాచలం ప్రాంతాల్లో కలివికోడిని చూసి రాసి పెట్టాడు. తర్వాత ఆ పక్షి దశాబ్దాల పాటు ఎవరికీ కనపడక, 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. భారతదేశ భూగర్భశాస్త్రానికి తొలి పాఠ్యగ్రంథం రాసిన ఇద్దరిలో బ్లాన్‌ఫోర్డ్ ఒకడు. ఈ దేశపు క్షీరదాల మీద ప్రామాణిక గ్రంథం రాసిందీ ఆయనే.

వీళ్లను మరీ ఆకాశానికెత్తనక్కర్లేదు. పక్షిని చూడటమంటే అప్పట్లో కాల్చి చర్మం ఒలిచి పెట్టెలో పెట్టుకోవడమే. పైగా రాతి పటాలు గీయించుకున్న ప్రభుత్వానికి కావలసింది బొగ్గు, రాగి, ఇనుము. అయినా కొండా కొండ మీది జీవమూ ఒకే నోటుబుక్కులో చేరేవి. ఆ తర్వాత నోటుబుక్కు రెండయింది. రెండు శాఖలకు పోయింది.

అదే జియోలాజికల్ సర్వేలో ఉన్నత పదవికి ఎదిగిన తొలి భారతీయుల్లో ప్రమథనాథ్ బోస్ ఒకరు. ఉద్యోగం మానేశాక మయూర్‌భంజ్ సంస్థానానికి పనిచేస్తూ గొరుమహిసాని కొండలో ఉన్న ఇనుప ఖనిజాన్ని గుర్తించి, 1904 ఫిబ్రవరి 24న జంషెట్‌జీ టాటాకు ఉత్తరం రాశారు. అదే ఏడాది మే నెలలో జంషెట్‌జీ కన్నుమూశారు. కొడుకు దొరాబ్జీ, అమెరికన్ జియాలజిస్టు వెల్డ్ వెతుకులాట కొనసాగించారు. గొరుమహిసాని ఖనిజం బాగుంది. కర్మాగారానికి నీళ్లు కావాలి, రైలు కావాలి, చదును నేల కావాలి. ఖర్కాయి నది సువర్ణరేఖలో కలిసే చోట సాక్చి అనే పల్లె, దగ్గర్లో కాళీమాటి రైల్వేస్టేషను దొరికాయి. 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మ బయటికొచ్చింది. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాళీమాటి టాటానగర్ అయింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలు ఆ స్టేషనులోనే దిగి, బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కట్టుకుని, అక్కడివాళ్లే అయిపోయాయి.

జాదుగూడ నుంచి హైదరాబాద్ దాకా

జంషెడ్‌పూర్ నగరానికి దక్షిణంగా భూమిలో ఒక వంకర గాటు ఉంది. దాదాపు 200 కిలోమీటర్ల పొడవున విల్లులా వంగిన ఈ సింగ్‌భూమ్ షియర్ జోన్ వెంట రాళ్లు నలిగి, ఆ పగుళ్లలోకి వేడి ద్రవాలు చేరి, రాగినీ యురేనియాన్నీ వదిలిపెట్టాయి. ముసాబని రాగి, జాదుగూడ యురేనియం ఈ ఒక్క గాటు మీదవే.

జాదుగూడ దేశంలో తొలి యురేనియం గని. నిక్షేపం 1951లో బయటపడింది, యురేనియం కార్పొరేషన్ 1967లో అక్కడే పుట్టింది. వెయ్యి కిలోల రాయి తవ్వితే కిలో యురేనియం కూడా రాదు. అందుకే ఇక్కడ భూభౌతిక శాస్త్రం పని ఎక్కువ. గామా కిరణాలు లెక్కపెట్టడం, రాయిలోని మాగ్నటైటు వల్ల అయస్కాంత క్షేత్రం ఎక్కడ తేడా పడుతుందో కొలవడం, బోరు రంధ్రంలోకి పరికరం దించి పొర పొరనూ చదవడం. ఈ పనులు చూసే అణు ఖనిజాల డైరెక్టరేట్ ప్రధాన కార్యాలయం హైదరాబాద్ బేగంపేటలో ఉంది. జాదుగూడ మిల్లులో తయారయ్యే పసుపు పొడి ఇంధనంగా మారేది కూడా హైదరాబాద్‌లోనే, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో. యురేనియం కార్పొరేషనే కడప జిల్లా తుమ్మలపల్లెలో రెండో అంకం మొదలుపెట్టింది. జాదుగూడ చుట్టుపక్కల ఆదివాసీ పల్లెలు జబ్బుల గురించి, వ్యర్థాల చెరువుల గురించి ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్నలనే ఇప్పుడు తుమ్మలపల్లె దగ్గరి కేకే కొట్టాల రైతులు తమ బోరు నీళ్ల గురించి అడుగుతున్నారు. రెండుచోట్లా సంస్థ జవాబు ఒక్కటే: గని వల్ల కాదు.

అదే జాదుగూడ గనిలో 555 మీటర్ల లోతున 2017 సెప్టెంబరు నుంచి ఒక ప్రయోగశాల పనిచేస్తోంది. కోల్‌కతాలోని సాహా ఇన్‌స్టిట్యూట్ వాళ్లది. విశ్వంలో కంటికి కనపడని కృష్ణపదార్థం కోసం వెతుకుతున్నారు. ఆకాశం నుంచి కురిసే విశ్వకిరణాల గోల తగ్గాలంటే అరకిలోమీటరు రాయి అడ్డుండాలి. కోలార్ బంగారు గనుల లోతుల్లో 1965లో మనవాళ్లు న్యూట్రినోలను పట్టారు. ఆ గని మూతపడ్డాక పాతాళంలో ఫిజిక్స్ చేయడానికి ఈ చోటు దొరికింది.

దల్మా ఏనుగులు ఎటు వెళ్తాయి?

జంషెడ్‌పూర్‌లో ఏ మేడ ఎక్కి ఉత్తరానికి చూసినా దల్మా కొండ కనిపిస్తుంది. వందకోట్ల ఏళ్లకు పైబడిన లావా రాయి. చుట్టుపక్కల మెత్తని రాళ్లు అరిగి పొలాలయ్యాయి. లావా అరగక కొండై నిలిచింది. కొండ మీద నాగలి సాగదు కాబట్టి అడవి మిగిలింది. అడవి ఉంది కాబట్టి ఏనుగు ఉంది. ఆ అడవి 1976లో అభయారణ్యమైంది. విస్తీర్ణం 193 చదరపు కిలోమీటర్లు. ఏనుగుకి అది ఏ మూలకు?

ఎండాకాలం ఏనుగులు దల్మా మీది మఝ్‌లా బాంధ్, నిచ్‌లా బాంధ్ లాంటి చెరువుల దగ్గర చేరతాయి. వానలు తగ్గి వరి పాలు పోసుకునే వేళకు తూర్పుకి దిగి పశ్చిమ బెంగాల్‌కు వెళ్తాయి. 1987 ముందు అంత దూరం వెళ్లేవి కావు. ఆ ఏడు దాదాపు యాభై ఏనుగులు మేదినీపూర్ వైపు దాటాయి. తర్వాత అదే ఏటేటి ప్రయాణమైంది.

ఎందుకు వెళ్లాయన్న దానికి జవాబు నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అందులో విలన్ లేడు. మేదినీపూర్ జిల్లా అరాబారిలో 1970ల మొదట్లో అజిత్ బెనర్జీ అనే అటవీ అధికారి ఊరివాళ్లతో కలిసి, రాబడిలో వాళ్లకు వాటా ఇచ్చి, మోడువారిన సాల అడవిని మళ్లీ పెంచాడు. 1992లో మన రాష్ట్రంలో పుట్టిన వన సంరక్షణ సమితులకు ఆ అరాబారే మూలం. అడవి నిజంగానే తిరిగొచ్చింది. పక్కనే కాలువ నీళ్ల కింద వరి కూడా పెరిగింది. దాక్కోవడానికి చెట్టు, తినడానికి చేను! దల్మాలో మేత చాలని ఏనుగుకి ఇంతకంటే ఏం కావాలి? ఇప్పుడు అక్కడ రాత్రిళ్లు హుల్లా పార్టీలు కాగడాలతో ఏనుగుల్ని తోలుతుంటాయి. 1980ల్లోనే తమిళనాడు, కర్ణాటక నుంచి చిత్తూరు జిల్లాకు ఏనుగులు వచ్చి కౌండిన్య అడవిలో నిలిచిపోయాయి. ఇటీవలి ఏళ్లలో ఒడిశా నుంచి పార్వతీపురం వైపు దిగాయి. టాటానగర్‌లో స్థిరపడ్డ మన ఉత్తరాంధ్ర కుటుంబాలకు అక్కడా ఏనుగే, సొంతూళ్లోనూ ఏనుగే.

దేశంలో తొలి ఏనుగుల రిజర్వుగా 2001లో ప్రకటించింది సింగ్‌భూమ్‌నే. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు దాత్యే, భాగవత్ 1990ల్లోనే దల్మా ఏనుగులకు రేడియో కాలర్లు కట్టి అవి ఎక్కడెక్కడ తిరుగుతాయో గీశారు. అంటే దారి తెలియక కాదు. 2023 నవంబరులో ముసాబని అడవిలో 33 కేవీ తీగ తగిలి ఒకేసారి ఐదు ఏనుగులు చచ్చిపోయాయి. ముసాబని అంటే షియర్ జోన్ మీది రాగి ఊరు. ఖనిజం ఉన్న చోటికి తీగ వెళ్తుంది, రైలు వెళ్తుంది, రోడ్డు వెళ్తుంది. ఏనుగు తూర్పు దారి ఆ మూడింటినీ దాటాలి.

మళ్లీ పులి దగ్గరికి వద్దాం. సిమిలిపాల్‌కు కొత్త రక్తం కావాలని 2024 చివర్లో మహారాష్ట్రలోని తాడోబా నుంచి రెండు ఆడపులుల్ని తెచ్చారు. వాటిలో జీనత్ డిసెంబరులో అడవి దాటి ఉత్తరంగా నడిచింది. జంషెడ్‌పూర్ ఉన్న జిల్లాలోనే చాకులియా అడవుల్లో కొన్నాళ్లుండి, బెంగాల్‌లో పురూలియా, బాంకురా చేరింది. డిసెంబరు 29న మత్తు సూది ఇచ్చి పట్టుకుని వెనక్కి తెచ్చారు. పత్రికలకు అది తప్పిపోయిన పులి. నాకైతే అది ఆ ప్రాంతంలో జరిగిన మంచి సర్వే అనిపిస్తుంది. సిమిలిపాల్ నుంచి బెంగాల్ దాకా ఒక పులి నడవగలిగేంత అడవి తునకలు తునకలుగానైనా మిగిలి ఉందని దాని మెడలోని రేడియో కాలర్ చూపించింది. మూసుకుపోయిందనుకున్న దారి పూర్తిగా మూసుకుపోలేదు.

జియోలాజికల్ సర్వే తన రాతి పటాలను 'భూకోశ్' పోర్టల్‌లో జనానికి అందుబాటులో పెట్టింది. కేంద్ర పర్యావరణ శాఖ 2023లో దేశంలోని 150 ఏనుగు దారుల జాబితా వేసింది, అందులో 26 బెంగాల్‌వే. రెండూ ప్రభుత్వానివే. ఒకదాని మీద ఒకటి పరిచి చూడటానికి ఒక కంప్యూటరు, ఒక మధ్యాహ్నం చాలు. అయినా గని లీజు దరఖాస్తు ఒక బల్ల మీద, ఏనుగు పరిహారం దరఖాస్తు ఇంకో బల్ల మీద నడుస్తూనే ఉన్నాయి.

రెండు బల్లలూ తప్పనిసరిగా కలవాల్సిన చోటు సారండా. పశ్చిమ సింగ్‌భూమ్‌లో ఏడు వందల కొండల నేలగా పేరున్న సాల అడవి. కొండల పైన ఏనుగులు, కడుపులో ఇనుము. దాన్ని అభయారణ్యంగా ప్రకటించమని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఝార్ఖండ్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. అభయారణ్యం సరిహద్దు ఎక్కడ గీయాలన్నది అక్కడ అటవీ శాఖ ఒక్కటే తేల్చే సంగతి కాదు, గనుల శాఖ ఒక్కటే తేల్చేదీ కాదు.