మీకు తెలుసా? ముందు కంచం రంగు చూడండి!

అమ్మకో నాన్నకో హోమ్ వెతుకుతున్నారా? అదీ మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లను చూసుకునే మెమరీ కేర్ హోమా? అయితే ఇలా రండి, చెవిలో ఒక మాట! గేటు దగ్గర పూలకుండీలు చూసి మురిసిపోకండి. రిసెప్షన్‌లో ఏసీ చల్లదనానికి పడిపోకండి. తిన్నగా భోజనాల గదికి నడవండి. అక్కడ కంచం ఏ రంగులో ఉందో చూడండి!

నవ్వుతున్నారా? బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు బాగా ముదిరినవాళ్ల ముందు నుంచి తెల్ల కంచాలు తీసేసి, ఎర్రవి పెట్టారు. అంతే! తినే తిండి 25 శాతం పెరిగింది! చూసింది కొద్దిమందినే, నిజమే. కానీ కిటుకు ఇట్టే అర్థమవుతుంది. ఆ జబ్బులో రంగుల తేడా కంటికి సరిగ్గా ఆనదు. తెల్ల కంచంలో పెరుగన్నం పెడితే అన్నమేదో కంచమేదో తెలియదు! పాపం, తినడం మానేసి కూర్చుంటారు. మనమేమో ఆకలి లేదనుకుని కంచం తీసేస్తాం!

అక్కడే ఉన్నారుగా, బరువు రాసే పుస్తకం కూడా అడగండి! 60 కిలోల మనిషి ఒక్క నెలలో 3 కిలోలు తగ్గితే అమెరికా నర్సింగ్ హోముల్లో దాన్ని పెద్ద హెచ్చరికగా లెక్కేస్తారు. పుస్తకమే లేదన్నారా? మీకు జవాబు దొరికినట్టే!

ఇప్పుడొక లెక్క. 100 మంది పనిచేసే చోట ఏడాదిలో 100 మంది కంటే ఎక్కువ మానేయగలరా? మానేశారు! అమెరికా నర్సింగ్ హోముల జీతాల పట్టీలు తిరగేస్తే సగటున 128 శాతం తేలింది! అంటే నర్సులు, ఆయాలు ఇలా వచ్చి అలా వెళ్లిపోతున్నారన్నమాట. అసలే ముఖాలు గుర్తుండని మనిషికి రోజూ కొత్త ముఖమే! అందుకే మేనేజరును వదిలేయండి. ఆయాను పక్కకు పిలిచి, "ఇక్కడ ఎన్నాళ్ల నుంచి చేస్తున్నావమ్మా?" అని అడగండి. నన్నడిగితే హోమ్ సంగతి బయటపెట్టే ప్రశ్న ఇంతకు మించి లేదు!

"మా దగ్గర స్టాఫ్ బోలెడు!" అంటారా? అనే ఉంటారు! అమెరికాలో ఒకప్పుడు ఆ లెక్క హోములే చెప్పేవి. తర్వాత ప్రభుత్వం జీతాల పట్టీలు చూపించమంది. 2018లో గుట్టు బయటపడింది. 10లో 7 హోముల్లో చెప్పినంతమంది లేరు! శని, ఆదివారాల్లో మరీ తక్కువ! ఇంకేం, మీరు ఆదివారమే వెళ్లండి!

అదీ ఏ టైముకు? వాళ్లు ఉదయం 11కి రమ్మంటారు. మీరు సాయంత్రం 5 దాటాక వెళ్లండి! పొద్దు వాలేకొద్దీ ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి కంగారు పెరుగుతుంది. ఇంటికి పోతానంటారు, తలుపులు బాదుతారు, ఏడుస్తారు. ఆ గంటలో ఆయాల గొంతు ఎలా ఉందో వినండి. చాలు!

అమెరికాలో ఉన్న మన పిల్లలూ, ఇది మీకు! అక్కడ నర్సింగ్ హోముకు కేంద్ర ప్రభుత్వం 5 నక్షత్రాల దాకా ఇస్తుంది. మరి రోజువారీ పనుల్లో సాయం చేసే అసిస్టెడ్ లివింగ్ హోముకు? ఒక్కటీ లేదు! ఏ రాష్ట్రం రూలు ఆ రాష్ట్రానిదే. కరపత్రంలో నక్షత్రాలు మెరుస్తుంటే ఎవరిచ్చారో అడగండి. రాష్ట్రం వాళ్ల తనిఖీ రిపోర్టు చూపించమనండి!

సరే, మార్కులుంటే చాలా? జర్మనీ కథ వినండి! 2009లో హోములకు గ్రేడ్లు ఇవ్వడం మొదలెట్టారు. 1 వస్తే భేష్, 5 వస్తే ఫెయిల్. దేశం మొత్తం మీద సగటు ఎంతకు చేరిందో తెలుసా? 1.2! క్లాసంతా ఫస్టే! కాగితాలు చక్కగా రాసి పెట్టుకుంటే చాలు, మార్కులు రాలిపడ్డాయి. చివరికి పదేళ్లకు ఆ పద్ధతినే ఎత్తేశారు!

అదే జర్మనీలో ఇంకో వింత! డ్యూసెల్‌డార్ఫ్ ఊళ్లో ఒక వృద్ధుల హోమ్ ముందు బస్టాపు కట్టారు. బోర్డుంది. బెంచీ ఉంది. బస్సు మాత్రం ఎప్పటికీ రాదు! ఎందుకిలా కట్టారంటే, ఈ జబ్బు ఉన్న ప్రతి 10 మందిలో ఆరుగురు ఎప్పుడో ఒకప్పుడు దారి తప్పి వెళ్లిపోతారని అంచనా. "మా ఊరు పోవాలి" అని బయల్దేరిన ముసలావిడ ఆ బెంచీ మీద కూర్చుంటుంది. కాసేపటికి ఎక్కడికి పోవాలో మరిచిపోతుంది. అప్పుడొక నర్సు మెల్లగా వచ్చి, లోపలికి వెళ్లి కాఫీ తాగుదామా అంటుంది! ఇది మోసం అనేవాళ్లూ ఉన్నారు. నాకైతే తాళంకప్ప కంటే ఆ బెంచీ వెయ్యి రెట్లు నయం! మీరు చూసే హోమ్‌లోనూ అడగండి: బయటికి పోతానంటే ఏం చేస్తారు?

"ఒక మాత్ర వేస్తాం, పడుకుంటారు" అన్నారా? ఆగండి! మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్లకు గొడవ తగ్గడానికి వాడే కొన్ని మానసిక జబ్బుల మందులతో చనిపోయే ముప్పు 1.6 నుంచి 1.7 రెట్లు అవుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది! మందు పెట్టె మీద నల్ల గీతల చట్రంలో అచ్చేసేంత గట్టి హెచ్చరిక అది! ఏ మందు, ఎవరు రాశారు, ఎన్నాళ్లకు? మూడూ అడగండి. డాక్టరును అడక్కుండా మాత్రం మీరే ఆపేయకండి!

ఇక అన్నిటికంటే నాకు నచ్చింది! న్యూయార్క్ రాష్ట్రంలో న్యూ బెర్లిన్ అనే చిన్న ఊరు. 1991. అక్కడి నర్సింగ్ హోమ్‌లో బిల్ థామస్ అనే కుర్ర డాక్టరు. ఇక్కడ మనుషులు విసుగుతో చచ్చిపోతున్నారన్నాడు. ఏం చేశాడో తెలుసా? ఏకంగా 100 చిలకలు తెప్పించాడు! వద్దన్నా వినలేదు. చిలకలు వచ్చేశాయి, పంజరాలు రాలేదు! ఏం చేస్తారు? హోమ్‌లోని బ్యూటీ పార్లర్ గదిలోకి వదిలి తలుపేశారు! వాటి వెనకే కుక్కలు, పిల్లులు, కుందేళ్లు, కోళ్లు!

గోలగోల అయిందా? అయింది! కానీ మాటే లేనివాళ్లు మాట్లాడారు. మంచం దిగనివాళ్లు, కుక్కను నేను తిప్పుతానంటూ లేచారు. ఇంకో హోమ్‌తో పోల్చి చూస్తే మనిషికి రాసే మందులు సగానికి సగం పడిపోయాయి! మీరు చూడబోయే చోట ప్రాణమున్నదేదైనా ఉందా? పోనీ ఒక పిచ్చుక గూడైనా?

పెరటి మొక్క చాలదా అంటారా? చాలుతుంది, కానీ నీళ్లు ఎవరు పోస్తున్నారో చూడండి! అమెరికాలో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక నర్సింగ్ హోమ్‌లో అందరికీ మొక్కలిచ్చారు. ఒక అంతస్తు వాళ్లతో మొక్క మీదే, బాధ్యత మీదే అన్నారు. రోజు ఎలా గడపాలో కూడా మీరే తేల్చుకోండన్నారు. ఇంకో అంతస్తులో మొక్కకు నర్సులే నీళ్లు పోశారు. మూడు వారాలు గడిచాయి. మొదటి అంతస్తులో 93 శాతం మంది మెరుగయ్యారు! రెండో అంతస్తులో ఎక్కువమంది ఇంకా నీరసించారు! అన్నీ మేమే చేసిపెడతాం, మీవాళ్లు కాలు కింద పెట్టక్కర్లేదు అనే హోమ్‌ను చూస్తే నాకు భయం!

తలెత్తి లైట్లు కూడా చూడండి! నెదర్లాండ్స్‌లో 12 హోముల్లో పరీక్షించారు. కొన్నిట్లో పగలంతా హాలు దేదీప్యమానంగా వెలిగించారు. అక్కడివాళ్లలో దిగులు లక్షణాలు 19 శాతం తగ్గాయి! కరెంటు బిల్లు మిగిల్చే హోమ్ ఏం మిగులుస్తోందో ఆలోచించండి.

ఆ దేశంలోనే ఇంకోటి. డెవెంటర్ ఊళ్లో కాలేజీ కుర్రాళ్లు వృద్ధుల హోమ్‌లో అద్దె లేకుండా ఉంటారు! అద్దెకు బదులు నెలకు 30 గంటలు బామ్మలతో, తాతలతో గడపాలి. మన ఊళ్లలో హాస్టళ్ల అద్దెలు తెలిసినవాళ్లు ఎవరైనా ఎగిరి గంతేస్తారు!

మన హైదరాబాదు కూడా ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది! నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు రోగులను చూసింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు ఈ జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చింది! బడికి పోనివాళ్లలోనూ తేడా కనిపించింది! అయితే జబ్బు వచ్చాక చాలామందిలో తర్వాత నేర్చిన భాష ముందు జారిపోతుంది. ముప్పై ఏళ్లు ఇంగ్లీషులో ఉద్యోగం చేసిన నాన్న ఒకరోజు మంచినీళ్లు తెలుగులోనే అడుగుతారు. డాలస్‌లో అయినా, పుణెలో అయినా, రాత్రి డ్యూటీలో ఆ ముక్క అర్థమయ్యేవాళ్లు ఒక్కరుంటారా? డబ్బు కట్టేముందే తేల్చుకోండి!

మన చట్టంలోనూ ఒక ముక్క ఉంది! దిక్కులేని పెద్దవాళ్ల కోసం జిల్లాకు కనీసం ఒక హోమ్, అందులో కనీసం 150 మందికి చోటు అని 2007 చట్టం రాసుకుంది. తప్పనిసరి మాత్రం చేయలేదు!

హోమ్‌లో మీవాళ్లను సరిగ్గా చూడటం లేదా? పక్కింటి తాతగారికి కష్టమొచ్చిందా? పెద్దవాళ్ల కోసమే ఒక ఫోన్ నంబరుంది. పైసా ఖర్చు లేదు! దేశమంతా పనిచేసే ఈ ఎల్డర్ లైన్ మొట్టమొదట మోగింది మన హైదరాబాదులోనే! నంబరు 14567. ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి!