కొబ్బరినీళ్ళు తాగిన క్యారట్

క్యారట్ మొక్క గింజనుంచి రావటంలో వింత లేదు. గింజలో ముడుచుకుని వున్న బుల్లి మొక్కనే పిండం అంటారు. తడి తగిలితే అది లేచి నిలబడుతుంది. కాని కూరకు తరిగే దుంపలోని కణాలే, పువ్వూ గింజా ప్రమేయం లేకుండా, పిండాలై మొక్కలైతే? 1958లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో స్టీవార్డ్ అనే శాస్త్రజ్ఞుడూ, జర్మనీలో రైనెర్ట్ అనే ఆయనా, ఎవరికి వారుగా ఈ పని చేసి చూపారు.

స్టీవార్డ్ ఆ కణాలకు ఏం పట్టాడనుకున్నారు? కొబ్బరినీళ్ళు! జ్వరం తగ్గినవారికి మన యిళ్ళల్లో ఇచ్చేవే. చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది గాని, ఆలోచిస్తే న్యాయంగానే వుంది. కాయలోని పిండం కోసం చెట్టు దాచిన ఆహారమే గదా అది! కణం రెండుగా చీలి పెరిగేటట్లు చేసే సైటోకైనిన్ హార్మోనులు అందులో వున్నాయి.

ఇంకొక జాతి హార్మోను ఆక్సిన్. దాని సంగతి మరీ తమాషా. చేలో కలుపు చంపటానికి చల్లే 2,4-డి అనే మందు ఆక్సిన్‌కు నకలే. మోతాదు మించితే మొక్క అడ్డదిడ్డంగా పెరిగి చస్తుంది. లీటరు పోషకద్రవంలో ఒక్క మిల్లీగ్రాము వేస్తేనో, క్యారట్ ముక్క ఆకారంలేని కణాల ముద్దగా మారి, పిండాలు కాగల కణాలను తయారుచేసుకుంటుంది. అయితే మందు వున్నంతసేపూ పిండం ఎదగదు. మందులేని ద్రవంలోకి మార్చాలి. పాలు మాన్పిస్తేగాని బిడ్డ అన్నానికి రానట్టే! అప్పుడది మొదట గుండ్రంగా, తరువాత హృదయాకారంగా, ఆపైన టార్పెడోలాగా సాగుతుంది. గింజలోని పిండమూ ఈ దారినే నడుస్తుంది.

కొమ్మలూ పిలకలూ లేని ఆయిల్ పామ్‌వంటి చెట్టుకు నకలు తీయాలంటే ఇటువంటి విద్యే కావాలి. కాని 1980లలో మలేషియాలో అలా పెంచిన చెట్లు కొన్ని కాపుకొచ్చాక వికారపు కాయలు కాశాయి, కొన్ని గొడ్డుపోయాయి. నాటిన కొన్నేళ్ళకుగాని తెలియని నష్టమది. కారణం 2015లో బయటపడింది. జన్యువులో అక్షరాలు మారలేదట. ఒక భాగంమీద వుండవలసిన మిథైల్ గుర్తులు చెరిగిపోయాయి. ఆ భాగానికి శాస్త్రజ్ఞులు పెట్టుకున్న పేరు, నేను కల్పించింది కాదు సుమండీ, ‘కర్మ’!

ఇక కొబ్బరి. క్యారట్ పిండాలను సాకిన ఈ మహాతల్లి తన కణజాలం దగ్గరకొచ్చేసరికి మహా మొండి. హార్మోనులు ఎన్ని పాళ్ళలో మార్చినా పిండాలు కొద్దిగానే, నెమ్మదిగా వస్తాయి. పొడుగు రకాల్లో ఒక చెట్టు పుప్పొడి మరో చెట్టుకు చేరుతుంది గనక కాయనుంచి వచ్చిన పిల్ల తల్లినే పోలాలని లేదు. అందుకే కోనసీమలో మంచి కాపున్న చెట్టు కాయను ఏరి నారు పోసినవాడు, అది ఏపాటి చెట్టో తెలియటానికి ఆరేడేళ్ళు ఆగవలసి వస్తోంది.