బొమ్మను చెప్పే గడికి పేరేమిటి?



రేడియోలో బొమ్మ చూపించటం కుదరదు. అందుకే క్రికెట్ వ్యాఖ్యాత బంతి ఎటు వెళ్ళిందో, దాని వెంట ఎవరు పరుగెత్తారో మాటల్లో చెబుతాడు. అలా కాకుండా “అబ్బ, ఏం కొట్టాడు!” అని ఊరుకుంటే వినేవారికి ఏమీ అర్థం కాదు. ఇంటర్నెట్‌లో చదువుకునే అంధులకు కూడా ఇలాంటి వ్యాఖ్యానమే కావాలి. అది రాయటానికి వెబ్ పేజీలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో ఒక గడి ఉంటుంది. ఆ గడికి పెట్టిన పేరు గురించే ఈనాటి ప్రసంగం. ఇంత చిన్న విషయానికి ప్రసంగమా అనుకోకండి.

అంధులు కంప్యూటరును స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో వాడతారు. తెరమీది అక్షరాలను అది చదివి వినిపిస్తుంది. 2006లో ఆస్ట్రేలియాలో మొదలైన ఎన్‌వీడీఏ ఇలాంటిదే. అది ఉచితంగా దొరుకుతుంది, తెలుగు కూడా చదువుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనేది ఈ పని చేస్తుంది. అక్షరాలు ఉన్నంతసేపూ చిక్కు లేదు. బొమ్మ వచ్చినప్పుడు మాత్రం, దాని వెనుక ఎవరైనా వివరణ రాసి ఉంటే దాన్ని చదువుతుంది. లేకపోతే బొమ్మ ఉందని మాత్రం చెప్పి ఊరుకుంటుంది, లేదా ఫైలు పేరు చదువుతుంది. “ఐ ఎం జీ, సున్నా, సున్నా, నాలుగు, రెండు, డాట్ జేపీజీ” అని వింటే ఎవరికి ఏం తెలుస్తుంది?

మన సరిహద్దు ప్రాంతాల్లో ఇది మరీ బాధించే విషయం. బళ్ళారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో ఒక తెలుగు సంఘం ఉందనుకోండి. ఉగాది కవిసమ్మేళనం ఆహ్వానాన్నీ, విద్యార్థులకిచ్చే ఉపకారవేతనం ప్రకటననూ అచ్చువేయించి, ఆ కాగితాన్ని ఫొటో తీసి వెబ్‌సైటులో పెడుతుంది. చూసేవారికి అందులో అక్షరాలు కనిపిస్తాయి. స్క్రీన్ రీడరుకు మాత్రం అది ఒట్టి బొమ్మ. దరఖాస్తుకు చివరి తేదీ అందులోనే ఉంటుంది. చూపులేని విద్యార్థికి ఆ తేదీ సులువుగా తెలియదు.

మరి వివరణ రాసే గడి ఉంది కదా, ఎందుకు రాయరు? మనుషులకు శ్రద్ధ లేదని తేల్చేయటం తేలిక. నా అభిప్రాయం వేరు. చాలామందికి ఆ గడి దేనికో తెలియదు, ఎందుకంటే దాని పేరు చెప్పదు.

ఆ పేరు ఎలా వచ్చిందో చూడండి. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్. 1995లో వచ్చిన దాని రెండవ ప్రమాణంలోనే బొమ్మకు బదులుగా చూపవలసిన మాటలకు చోటు ఉంది. 1997లో వచ్చిన నాలుగవ ప్రమాణం ఆ చోటును తప్పనిసరి చేసింది. ఆ రోజుల్లో టెలిఫోన్ తీగల మీద బొమ్మలు నత్తనడకన దిగేవి. బొమ్మలను ఆపేసి చదివేవారు ఉండేవారు, అక్షరాలను మాత్రమే చూపే బ్రౌజర్లూ ఉండేవి. అందుకని ‘బదులు మాటలు’ అనే అర్థంలో ఆంగ్లంలో ఆల్టర్నేటివ్ టెక్స్ట్ అన్నారు, కోడులో దాన్ని ‘ఆల్ట్’ అని కుదించారు. ప్రోగ్రామరుకు అది చాలు. ఆ పొట్టి పేరే తర్వాత మామూలు మనుషులు వాడే తెరలమీదికి వచ్చి కూర్చుంది. కీబోర్డు మీద కూడా ఆల్ట్ అనే మీట ఉందాయె! దాన్ని నొక్కమంటున్నారేమో అనుకున్నా ఆశ్చర్యం లేదు.

ఒక నిజమైన ఉదాహరణ తీసుకుందాం. వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో ప్రపంచమంతటా వెబ్‌సైట్లు నడుస్తున్నాయి. అందులోని బొమ్మల భాండారంలో బొమ్మ పక్కన నాలుగు గడులు కనిపిస్తాయి. వాటి పేర్లు తెలుగులో చెప్పుకుంటే ప్రత్యామ్నాయ పాఠ్యం, శీర్షిక, వ్యాఖ్య, వివరణ. కొత్తవారు బొమ్మను వివరించాలనుకుంటే దేనిలో రాస్తారు? సహజంగా ‘వివరణ’ అన్న దాంట్లోనే. కష్టపడి నాలుగు వాక్యాలు రాస్తారు. వ్యాసంలో ఆ బొమ్మ దగ్గరికి వచ్చిన అంధ పాఠకుడికి అందులో ఒక్క ముక్క కూడా వినపడదు. ఆ గడిలోని మాటలు ఆ బొమ్మకంటూ ఉండే విడి పేజీలోకి వెళతాయి. 2023లో వచ్చిన 6.4 వెర్షన్ నుంచి, కొత్తగా పెట్టే సైట్లలో ఆ విడి పేజీలు మొదట మూసే ఉంటాయి కూడా. స్క్రీన్ రీడర్ చదివేది మొదటి గడి, అంటే ‘ప్రత్యామ్నాయ పాఠ్యం’. దేనికి ప్రత్యామ్నాయం? పాఠ్యమంటే పాఠమా? తెలుగు బాగా వచ్చినవారు కూడా ఒక్క క్షణం ఆగవలసిందే. ఇంట్లో తెలుగూ బడిలో కన్నడమో ఒడియానో చదివిన మన పిల్లల సంగతి చెప్పనక్కరలేదు. న్యాయంగా చెప్పాలంటే ఇటీవలి వెర్షన్లలో ఆ గడి కింద, బొమ్మ ఉద్దేశమేమిటో రాయమనీ, అది అలంకారానికే అయితే ఖాళీగా వదలమనీ ఒక సూచన చేర్చారు. ఆ సూచన పేరుకన్నా మేలు.

పేరు ఒక్కటే కాదు, చోటు కూడా ముఖ్యమే. ట్విటర్ 2016 మార్చిలో బొమ్మకు వివరణ రాసే సౌకర్యం ఇచ్చింది. కానీ సెట్టింగుల లోపలికి వెళ్ళి దాన్ని తెరుచుకోవాలి. ఉందని తెలిసినవారికే అది దొరికింది. అందరికీ దానంతటదే కనిపించేలా చెయ్యటానికి 2020 దాకా పట్టింది. వివరణ ఉన్న బొమ్మమీద చిన్న గుర్తు వేయటం 2022లో మొదలైంది.

మరి గడికి ఏ పేరు పెట్టాలి? నన్నడిగితే, “చూపులేనివారికి చదివి వినిపించే బొమ్మ వివరణ” అంటాను. పొడుగే, కానీ ఎవరికోసమో, ఏమవుతుందో రెండూ తెలుస్తాయి. ఈ పేరు గడి బయట, ఎప్పుడూ కనిపించేలా ఉండాలి. గడి లోపల లేతరంగులో రాస్తే మనం మొదటి అక్షరం కొట్టగానే అది మాయమవుతుంది. ఇక పేజీ అందానికి వేసే అంచులూ పువ్వులూ ఉంటాయి. వాటికి వివరణ అక్కరలేదు. అయితే గడి ఖాళీగా ఉంటే, కావాలనే వదిలారా, మరిచిపోయారా అన్నది ఎవరికీ తెలియదు. అందుకని “ఈ బొమ్మ అలంకారానికే” అని టిక్కు పెట్టే చోటు వేరే ఉండాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఈ గడిని ఫైలు పేరుతో వాటంతటవే నింపేస్తాయి. ఖాళీగా ఉండటం కన్నా ఇది హీనం, ఎందుకంటే నిండినట్టు కనిపించి మనల్ని మభ్యపెడుతుంది.

గడి దొరికాక ఏం రాయాలన్నది బొమ్మను ఎందుకు పెట్టామన్న దాన్నిబట్టి ఉంటుంది. హంపీ విఠలాలయంలోని రాతి రథం ఫొటో శిల్పాల వ్యాసంలో ఉంటే, “రాతి రథం, దాని ముందు రెండు రాతి ఏనుగులు” అని రాయాలి. అదే ఫొటో బడిపిల్లల విహారయాత్ర కబుర్లలో ఉంటే పిల్లల సంగతి ముందు రావాలి. ‘ఇది ఒక ఫొటో’ అని మొదలుపెట్టనక్కరలేదు, ఆ సంగతి స్క్రీన్ రీడరే చెబుతుంది. ప్రకటన కాగితమైతే అందులోని తేదీ, వేళ, స్థలం, ఫోన్ నంబరు పేజీలోనే అక్షరాలుగా రాయటం అన్నిటికన్నా మంచిది. తెలుగు మాటలను తెలుగు లిపిలోనే రాయండి. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఇంగ్లీషు గొంతు వాటిని నమిలి పారేస్తుంది.

వర్డ్‌ప్రెస్ తెరమీది మాటలను తెలుగులోకి తెచ్చేది స్వచ్ఛంద అనువాదకులే. వారి అనువాద వెబ్‌సైటులో ఖాతా తెరిచి, ఈ గడికి ఇంతకన్నా సులువైన పేరును ఎవరైనా సూచించవచ్చు. అక్కడి సంపాదకులు పరిశీలించి ఆమోదిస్తారు. కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ అనువాదాలు కూడా అక్కడ విడివిడిగా జరుగుతున్నాయి. రెండు భాషలు వచ్చిన మనవారు రెండు చోట్లా సూచన పంపవచ్చు. దీనికి రుసుము ఏమీ లేదు.