యాత్రికుని పడక

కేదారనాథము సముద్రమట్టమునకు సుమారు 3,580 మీటర్ల యెత్తున నున్నది. అచ్చట నేనొక రాత్రి రెండు కంబళ్లు కప్పుకొనియు వడఁకితిని. నా క్రింద నున్నది పలుచని చాప యొక్కటియే. నిలిచిన గాలియే చలిని వారించును. దేహభారమున నణఁగిన పఱపులో గాలి నిలువదు. కాన నేల మన వేఁడిని లాగుకొనును.

కాలినడక యాత్రకు పరుపు కొనునపుడు దానిపై 'ఆర్' అను సంఖ్యను చూడుఁడు. 2018లో దీనిని కొలుచుటకు ఒకే ప్రమాణ మేర్పడినది. సంఖ్య పెరిగినకొలఁది వెచ్చదనము పెరుగును. వేసవికి 2 చాలును. నేల గడ్డకట్టు చలికి 4 అయినను వలయును. గాలిపరుపు మెత్తనిది, కాని ముల్లు గ్రుచ్చుకొన్న వ్యర్థము. నురుగుపరుపు గట్టిదైనను నమ్మఁదగినది. నురుగుది క్రిందను, గాలిది పైనను పఱచిన రెండు సంఖ్యలును కూడును. ముల్లు భయమును తగ్గును. వృద్ధుల కిదియే మేలు.

కప్పుకొనుదానికంటె ముందుగా పఱచుకొనుదానిని విచారింపుఁడు.