చుక్కల పద్దు

మన రైతుకు ఆరుద్ర అంటే ముందు కార్తె. తొలకరికి తడిసిన నేల మీద ఎర్రటి ఆరుద్ర పురుగులు పాకే రోజులు. ఆ కార్తెకు పేరిచ్చిన చుక్క మాత్రం ఆ రోజుల్లో కనపడదు. సూర్యుడు సరిగ్గా ఆ దిక్కునే ఉంటాడు కాబట్టి, దాన్ని చూడాలంటే చలికాలం దాకా ఆగాలి. ప్రపంచం బెటెల్‌జూస్ అని పిలిచే ఆ ఎర్రని నక్షత్రం 2019 చివర్లో మసకబారడం మొదలుపెట్టింది. మామూలుగా రోహిణిని మించి వెలిగేది 2020 ఫిబ్రవరి నాటికి రోహిణి కంటే, పునర్వసు కంటే కూడా వెనకబడిపోయింది. ఇంకేముంది, పేలిపోబోతోందని పత్రికలు రాశాయి. పేలలేదు. నక్షత్రం తనలోంచి ఎగజిమ్మిన పదార్థం చల్లారి ధూళిమేఘంగా మారి మనకు అడ్డొచ్చిందని తర్వాత తేలింది. అయితే అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఇది వింత అని ఎలా తెలిసింది? ఆరుద్ర వెలుగు నిలకడగా ఉండదని 1836లోనే ఖగోళశాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్ గమనించాడు. సుమారు 400 రోజులకొకసారి ఒక ఊపు, దాని మీద దాదాపు ఆరేళ్ళ మరో ఊపు దానికి మామూలే. ఏది మామూలు తగ్గుదలో, ఏది కాదో చెప్పాలంటే దశాబ్దాల పాత లెక్కలు తిరగేయాలి. ఆ లెక్కల్లో పెద్ద వాటా పైసా జీతం లేకుండా రాసిపెట్టినవాళ్ళది.

ఇలా వెలుగు మారే వాటిని చరకాంతి నక్షత్రాలంటారు. కొన్ని ఉబ్బి ముడుచుకుంటూ మారతాయి. కొన్ని జంటలో ఒకటి రెండోదాన్ని కప్పడం వల్ల మారతాయి. కొన్నింటి మీద పక్క నక్షత్రం నుంచి వచ్చిపడిన వాయువు భగ్గుమంటుంది. కారణం ఏదైనా, వీటి గురించి తెలుసుకోవడానికి ముఖ్యంగా కావలసింది గడిచిన కాలపు నమోదు. ఎంత డబ్బు పోసినా ఈరోజు కట్టిన టెలిస్కోప్‌తో నిన్నటి రాత్రిని చూడలేం. పైగా పెద్ద టెలిస్కోప్ మీద ఒక శాస్త్రవేత్తకు దొరికేది ఏడాదిలో కొద్ది రాత్రులు. అదీ అర్జీ పెట్టుకుంటే. మారడానికి ఏడాది పట్టే నక్షత్రాన్ని వందేళ్ళు వెంటాడటం ఆ ఏర్పాటులో కుదరదు. ఔత్సాహికులు చేసేది సరదా కాలక్షేపం అనుకునేవాళ్ళు గమనించనిది ఇదే. ఈ రంగంలో నిత్యం చూసే మనిషే ఒక పరికరం.

పద్ధతి చాలా తేలిక. ఖగోళశాస్త్రంలో వెలుగు కొలత మార్కుల్లాంటిది కాదు, ర్యాంకుల్లాంటిది. అంకె తగ్గేకొద్దీ వెలుగెక్కువ. ఒక్క అంకె తేడాకు వెలుగు రెండున్నర రెట్లు మారుతుంది. రోహిణి సుమారు 0.9, పునర్వసు జంటలో వెలుగెక్కువున్నది 1.1, ప్రోసియాన్ అనే నక్షత్రం 0.4. ఆరుద్ర ఈ రాత్రి ప్రోసియాన్‌కూ రోహిణికీ సరిగ్గా మధ్యలో ఉన్నట్టు తోస్తే 0.6 అనో 0.7 అనో రాసుకోవాలి. దాని పక్కన తేదీ, సమయం. తేదీల గందరగోళం లేకుండా క్రీస్తుపూర్వం 4713 నుంచి వరసగా రోజులు లెక్కపెట్టే జూలియన్ దినసంఖ్యను వాడతారు. పంచాంగ కర్తల అహర్గణం ఎరిగినవారికి ఇది కొత్తేమీ కాదు. చదువుకున్న సామాన్యులంతా ఈ పనికి పూనుకోవాలని జర్మనీలో ఆర్గెలాండర్ అనే ఖగోళశాస్త్రజ్ఞుడు 1844లోనే పిలుపునిచ్చాడు. 1911లో విలియం ఓల్కాట్ అనే వకీలు, హార్వర్డ్ అబ్జర్వేటరీ అండతో, అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వేరియబుల్ స్టార్ అబ్జర్వర్స్ సంస్థను స్థాపించాడు. అక్కడ పోగైన పరిశీలనలు ఇప్పుడు కోట్లలో ఉన్నాయి.

ఆ పద్దులో మన ఉపఖండపు మనిషి రాసిన పేజీలు తక్కువేం కాదు. ఇప్పటి బంగ్లాదేశ్‌లోని జెస్సోర్‌లో రాధాగోవింద చంద్ర అనే ట్రెజరీ ఉద్యోగి ఉండేవాడు. నాణేలు మంచివో చెల్లనివో చూసే పని. ప్రవేశ పరీక్ష కూడా గట్టెక్కని చదువు. 1912లో మూడంగుళాల టెలిస్కోప్ కొనుక్కున్నాడు. 1918 జూన్‌లో గరుడ రాశిలో కొత్తగా వెలిగిన నోవాను ఎవరూ చెప్పకుండానే తనంతట గుర్తించాడు. దాంతో అమెరికా సంస్థకు, ఆయనకు సంబంధం కలిసింది. తర్వాత మూడు దశాబ్దాలకు పైగా ఆయన పంపిన అంచనాలు 37 వేలు దాటాయి. 1926లో ఆ సంస్థ ఆరంగుళాల టెలిస్కోప్ పంపింది. దయతలచి ఇచ్చిన బహుమతి కాదది. అమెరికాలో పగలైన వేళ మనకు రాత్రి. జెస్సోర్‌లో ఒక కన్ను లేకపోతే ఆ గంటలు ఖాళీగా మిగులుతాయి. దేశ విభజన తర్వాత ఆయన పశ్చిమ బెంగాల్‌కు తరలివచ్చాడు. ఆ టెలిస్కోప్ చివరికి ఖగోళశాస్త్రజ్ఞుడు వైను బప్పుకు చేరింది. బప్పు పెరిగింది హైదరాబాద్‌లో, తండ్రి పనిచేసిన నిజామియా అబ్జర్వేటరీ ఛాయలో. విద్యార్థిగా ఉండగానే చరకాంతి నక్షత్రాల మీద వ్యాసాలు ప్రచురించిన ఆయన చేతికి చంద్ర టెలిస్కోప్ రావడం సబబే అనిపిస్తుంది.

ఇదంతా పాతకాలపు ముచ్చట అనుకోనక్కర్లేదు. హంస రాశిలో ఎస్ఎస్ సిగ్ని అనే జంట నక్షత్రం ఉంది. కొన్ని వారాలకోసారి ఉన్నట్టుండి పదుల రెట్లు వెలిగి మళ్ళీ తగ్గుతుంది. 1896లో హార్వర్డ్‌లో లూయిసా వెల్స్ దాన్ని కనుగొన్నప్పటి నుంచీ దాదాపు ఏ విజృంభణా నమోదు కాకుండా పోలేదు. హబుల్ టెలిస్కోప్ దాని దూరం దాదాపు 520 కాంతి సంవత్సరాలని కొలిచింది. అంత దూరంలో ఉంటే అది అంత వెలగకూడదు, లేదా ఇలాంటి విజృంభణలకు మనం చెప్పుకుంటున్న కారణమే తప్పు. రేడియో టెలిస్కోప్‌లతో తిరిగి కొలుద్దామంటే ఆ నక్షత్రం రేడియో తరంగాలు వెలువరించేది విజృంభించిన కొద్ది రోజులే. ఎప్పుడు విజృంభిస్తుందో కనిపెట్టి కబురు పెట్టింది ఔత్సాహికులు. ఆ కబురు అందుకుని కొలిస్తే దూరం 370 కాంతి సంవత్సరాలని తేలింది. 2013లో ఆ ఫలితం వెలువడింది, సిద్ధాంతం నిలబడింది. హబుల్ పొరపడితే దిద్దిన వరసలో పెరటి మనుషులు ఉన్నారంటే నమ్మబుద్ధి కాదు గానీ, జరిగింది అదే.

కంటి అంచనాను ఎంతవరకు నమ్మొచ్చన్న అనుమానం న్యాయమైనదే. అనుభవమున్నవాళ్ళ అంచనాలో కూడా పదో వంతు నుంచి అయిదో వంతు అంకె తేడా ఉంటుంది. ఎర్ర నక్షత్రాన్ని తదేకంగా చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ వెలుగున్నట్టు అనిపిస్తుంది. నిన్నటి అంకె గుర్తుంటే ఇవాళ్టి అంకె దానివైపు జారుతుంది. పరాయి గ్రహం అడ్డొచ్చినప్పుడు నక్షత్రం వెలుగు నూటికి ఒక వంతు తగ్గడం కంటికి అందే సంగతి కాదు. ఆ పనికి కెమెరా కావలసిందే, ఇప్పుడు చాలామంది ఔత్సాహికులు వాడుతున్నదీ అదే. కానీ తిమింగలం రాశిలోని మైరా వంటి నక్షత్రం 3 నుంచి 9 దాకా దిగుతుంది. ఆరు అంకెలంటే వెలుగులో 250 రెట్ల తేడా. అందులో అయిదో వంతు అంకె పొరపాటు ఏమూలకు? పదిమంది విడివిడిగా చూసినప్పుడు ఒకరి పొరపాటును ఇంకొకరిది సరిచేస్తుంది కూడా. ఫొటో ప్లేట్లు వచ్చాయి, పోయాయి. విద్యుత్ పరికరాలు వచ్చాయి, మారాయి. ఆర్గెలాండర్ నాటికీ నేటికీ కన్ను మాత్రం ఒకటే. నూట ఎనభై ఏళ్ళ లెక్కలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి అది మామూలు సౌలభ్యం కాదు.

దీనికంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. రోబో టెలిస్కోప్‌లు రాత్రంతా ఆకాశాన్ని జల్లెడ పడుతుంటే మనుషులెందుకు? మసక నక్షత్రాల విషయంలో వాదన అనవసరం, యంత్రాలే గెలిచాయి. ప్రకాశవంతమైన వాటి దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. వేల రెట్లు మసకైనవాటిని చూడటానికి తయారైన కెమెరాలో ఆరుద్ర పడితే తెల్లటి మరక తప్ప మరేం దక్కదు. అంతకంటే ముఖ్యం, యంత్రాల వెనక బడ్జెట్ ఉంటుంది. కెప్లర్ అంతరిక్ష టెలిస్కోప్ 2009లో ఎగిరి 2018లో ఆగిపోయింది. చిలీలో రూబిన్ అబ్జర్వేటరీ తలపెట్టిన సర్వే పదేళ్ళది. హార్వర్డ్ ఏళ్ళ తరబడి ఆకాశాన్ని ఫొటో తీసిన ప్లేట్ల కార్యక్రమాన్ని 1950లలో డబ్బు పొదుపు కోసం ఆపేశారు. అప్పటి డైరెక్టర్ పేరుతో ఖగోళశాస్త్రజ్ఞులు దాన్ని ఇప్పటికీ మెంజెల్ ఖాళీ అంటారు. అదే దశాబ్దంలో ఔత్సాహికుల సంస్థను కూడా హార్వర్డ్ గడప దాటించారు. వాళ్ళు వేరే గది చూసుకుని రాయడం ఆపలేదు.

మనుషులకూ లోపాలుంటాయి. ఒహాయో రైతుబిడ్డ లెస్లీ పెల్టియర్ స్ట్రాబెర్రీలు కోసి సంపాదించిన డబ్బుతో మొదటి టెలిస్కోప్ కొన్నాడు. జీవితంలో లక్షా 30 వేలకు పైగా పరిశీలనలు చేశాడు. 1866లో ఒక్కసారి భగ్గుమని చల్లారిన టి కరోనే బొరియాలిస్ మళ్ళీ వెలుగుతుందేమోనని పాతికేళ్ళు కాపు కాశాడు. 1946 ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున జలుబు చేసేలా ఉందని లేచినవాడు మళ్ళీ పడుకున్నాడు. ఆ రాత్రే అది వెలిగింది. ఆయన చూడకపోయినా వేరెవరో చూశారు. పెల్టియర్‌ను తలచుకుని నొచ్చుకోవచ్చు గానీ, పదిమంది చూసే పద్ధతి ఉన్నది అందుకే. ఏమీ జరగని రాత్రులు కూడా ఆ పద్దులో ఉండాలి. ఫలానా రాత్రి వెలగలేదని రాసినవాడు లేకపోతే, ఎప్పుడు వెలిగిందో కచ్చితంగా చెప్పలేం. ఆ నక్షత్రం దాదాపు 80 ఏళ్ళకోసారి వెలుగుతుందని అంచనా. శాస్త్రవేత్తలు మళ్ళీ ఎదురుచూస్తున్నారు.

మన నగరాల ఆకాశంలో ఏం కనిపిస్తుందనే నిట్టూర్పు అబద్ధమేమీ కాదు. ఆరుద్ర, రోహిణి, పునర్వసు మాత్రం హైదరాబాద్ డాబా మీంచి కూడా కనిపిస్తాయి. వచ్చే చలికాలం వారానికి ఒక్కసారి వాటిని పోల్చి చూడండి. పిల్లల లెక్కల పుస్తకంలో మిగిలిన తెల్లకాగితం చాలు. తేదీ, సమయం, అంకె. మబ్బు పడితే మబ్బని రాయండి. అంకె తేలకపోతే తేలలేదని రాయండి. ఊహించి మాత్రం రాయకండి.