విమానం వెళ్లిపోయాక నదే దారి

అలాస్కా నైరుతి మూలకు రోడ్డు మార్గం లేదు. బెతెల్, డిల్లింగ్‌హామ్ లాంటి పట్నాలకు యాంకరేజ్ నుంచి విమానంలోనే చేరాలి. అక్కడ నీటి మీద వాలే చిన్న విమానాన్ని అద్దెకు మాట్లాడుకుని, నది పుట్టే సరస్సులో దిగి, గాలి తెప్ప మీద చేపలు పట్టుకుంటూ దిగువకు రావడం ఎందరో జాలర్ల కల. గైడు వెంట ఉండడు. వంట, గుడారం, తెడ్డు అన్నీ తామే చూసుకోవాలి. మర్చిపోయిన అగ్గిపెట్టె కొనుక్కోవడానికి దారిలో అంగడి ఉండదు. అందుకే ఈ యాత్రలో అసలు పనంతా బయల్దేరకముందే పూర్తి కావాలి.

మొదటి లెక్క బరువుది. 1947లో తొలిసారి ఎగిరిన కెనడా విమానం డి హావిలాండ్ బీవర్‌ను అలాస్కా పైలట్లు నేటికీ నడుపుతున్నారు. దూరాన్ని, ఇంధనాన్ని బట్టి అది మనుషులతో కలిపి సుమారు 500 కిలోలు మోస్తుంది. నలుగురు ఎక్కితేనే 350 కిలోల దాకా అయిపోతుంది. మిగిలిన దాంట్లో తెప్ప, విడదీసి కట్టిన చట్రం, తెడ్లు, గుడారాలు, తిండి పట్టాలి. పట్టకపోతే రెండో ట్రిప్పుకు డబ్బు కట్టాలి. ఎలుగుబంట్ల మీద కొట్టే మిరప స్ప్రేను, స్టవ్ ఇంధనాన్ని ప్రయాణికుల విమానాల్లో ఎక్కనివ్వరు. వాటిని అక్కడి పట్నంలోనే కొనాలి. స్ప్రే డబ్బాలను పైలట్లు చాలాసార్లు విమానం కింది తేలుడు తొట్లలో పెడతారు. లోపల పగిలితే కళ్లు మండి విమానం నడపలేరు మరి.

ఏ నది, ఏ నెల అన్నది చేపను బట్టి ఉంటుంది. వరద గోదావరిలో పులస ఎదురీదినట్టే సాల్మన్ కూడా గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదిలోకి వస్తుంది. పసిఫిక్ సాల్మన్ మాత్రం గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది. కింగ్, సాకై రకాలు జూన్ చివర, జులైలో వస్తాయి. సిల్వర్ సాల్మన్ కావాలంటే ఆగస్టులో వెళ్లాలి. 2022లో అక్కడి బ్రిస్టల్ బే నదులకు వచ్చిన సాకై దాదాపు 7.9 కోట్లు. కింగ్ సాల్మన్ మాత్రం చాలా నదుల్లో తగ్గిపోయింది. సీజను మధ్యలోనే అత్యవసర ఉత్తర్వుతో దాని వేట ఆపేస్తుంటారు. కాబట్టి లైసెన్సు తీసుకుంటే సరిపోదు, బయల్దేరే రోజు కూడా అలాస్కా చేపల, వేట శాఖ ఉత్తర్వులు చూసుకోవాలి. ఫెల్ట్ గుడ్డ అడుగున్న బూట్లతో చేపల వేటకు నదిలో దిగడాన్ని 2012లో నిషేధించారు. పరాయి జీవులు ఆ తడి అడుగుకు అంటుకుని ఒక నది నుంచి మరో నదికి చేరతాయి.

కనెక్టాక్ నదినే తీసుకుందాం. కగాటి సరస్సు నుంచి క్విన్‌హాగక్ గ్రామం దాకా సుమారు 145 కిలోమీటర్లు. వారం అనుకుంటే రోజుకు ఇరవై కిలోమీటర్లు కదలాలి. నది పాయలుగా చీలిన చోట ఒడ్డు కోసుకుపోయి చెట్లు ప్రవాహానికి అడ్డంగా వాలి ఉంటాయి. మలుపు తిరగకముందే ఏ పాయలోకి పోవాలో తేల్చుకోవాలి. తెప్ప ఆ కొమ్మల్లో ఇరుక్కుంటే నీటి ఒత్తిడి మనిషిని కిందికి లాగేస్తుంది.

రాత్రి బస గులకరాళ్ల తిన్నెల మీద. ఎలుగుబంటి దారి కనిపించినా, చచ్చిన చేపల కంపు వచ్చినా అక్కడ గుడారం వేయకూడదు. వంట గుడారానికి వంద గజాల దూరాన చేయాలి. తిండి ఎలుగు తెరవలేని డబ్బాల్లో ఉండాలి. చుట్టూ బ్యాటరీతో నడిచే సన్నని కరెంటు కంచె కడతారు. ముక్కుకు చురుక్కుమనగానే ఎలుగు సాధారణంగా వెనక్కి తిరుగుతుంది. ఉపగ్రహ సందేశ పరికరం, రెండు రోజుల అదనపు తిండి తప్పనిసరి. మబ్బు కిందికి దిగితే విమానాలు కదలవు.

చివర చేరే క్విన్‌హాగక్ యూపిక్ ప్రజల ఊరు. ఆ చేపలే వాళ్లకు చలికాలపు తిండి. సరదాకు చేపను పట్టి వదిలేయడమంటే దానితో ఆడుకోవడమేనని, అది చేపను అవమానించడమేనని యూపిక్ పెద్దలు చాలాకాలంగా చెబుతున్నారు. నది ఒడ్డున కొంత భూమి 1971 చట్టంతో ఏర్పడిన స్థానిక ప్రజల కార్పొరేషన్లది. అక్కడ గుడారం వేయాలంటే ముందే అనుమతి అడగాలి. తెప్ప ఎక్కడ ఒడ్డుకు చేర్చాలి, తిరుగు విమానం ఎక్కడికి వస్తుంది అన్నవి కూడా ఆ ఊరివాళ్లతో ముందే మాట్లాడుకోవాలి.