ఒంటి ఎలక్ట్రాన్‌ను పసిగట్టే ట్రాన్సిస్టర్

ఫ్రాన్స్‌లోని ఇటర్ ఫ్యూజన్ రియాక్టర్‌కు కావలసిన క్రయోస్టాట్ (చలిని కాపాడే పాత్ర) భాగాలను సూరత్ పక్కన హజీరాలో ఎల్ అండ్ టీ తయారుచేసింది. 3,850 టన్నుల స్టీలు, దాదాపు 30 మీటర్ల ఎత్తు. చివరి భాగాలు 2020లో బయలుదేరాయి. లోపలి అతివాహక అయస్కాంతాలు మైనస్ 269 డిగ్రీల చలిలో పనిచేయాలంటే అంత పాత్ర కావాలి. అతివాహకతను వాడుకునే మరో పరికరానికి, ఒంటి ఎలక్ట్రాన్ ట్రాన్సిస్టర్‌కు, ఈ చలి కూడా చాలదు. అది కంటికి ఆనదు.

1980ల నడుమ మాస్కోలో అవెరిన్, లిఖారెవ్ దాన్ని ముందు లెక్కల్లో చూశారు. లోహపు దీవి బాగా చిన్నదైతే, ఒక్క ఎలక్ట్రాన్ లోపలికి రావడానికీ శక్తి ఖర్చవుతుంది. గట్టి చలిలో ఆ ఖర్చు భరించలేక ఎలక్ట్రాన్ బయటే ఆగిపోతుంది. పక్కనున్న గేటుకు కాస్త వోల్టేజీ ఇస్తే దారి దొరుకుతుంది. 1987లో బెల్ ల్యాబ్స్‌లో ఫుల్టన్, డోలన్ దీన్ని అల్యూమినియంతో చేసి చూపారు. దీవికి రెండు వైపులా పలుచటి ఆక్సైడ్ పొరలు. పొర కరెంటును ఆపేదే, కానీ ఎలక్ట్రాన్‌కు తరంగ స్వభావం ఉంది కనుక అప్పుడప్పుడు అవతల తేలుతుంది. టన్నెలింగ్ అంటే ఇదే.

అసలు రుచి అల్యూమినియం అతివాహకమయ్యాక మొదలవుతుంది. అప్పుడు ఎలక్ట్రాన్లు జంటలు కడతాయి, వీటినే కూపర్ జంటలు అంటారు. ఒక పొరను జంటగా దాటినవి విడిపోయి రెండో పొరను ఒకదాని వెనక ఒకటి దాటగలవు. ఫుల్టన్ బృందం 1989లో ఈ విడ్డూరాన్ని గమనించింది. 1992లో హార్వర్డ్‌లో టింకమ్ బృందం ఇంకో అడుగు వేసింది. దీవిలో వంద కోట్లకు అటూఇటూగా ఉన్న ఎలక్ట్రాన్ల సంఖ్య సరో బేసో కరెంటే చెప్పేసింది. బేసి అయితే ఒకటి జత లేకుండా మిగులుతుంది, దానికి అదనపు శక్తి కావాలి.

ఇంత సూక్ష్మగ్రాహికి కంప్యూటర్‌లో చోటెందుకు దొరకలేదు? నా ఉద్దేశంలో ఆ సున్నితత్వమే దాని శాపం. చుట్టూ ఎక్కడో ఒక విద్యుదావేశం కదిలినా దాని తీరు మారిపోతుంది. ఆవేశాన్ని కొలిచే పనికి మాత్రం సాటిలేనిది.

1999లో జపాన్‌లోని ఎన్‌ఈసీలో నకమురా, పాష్కిన్, సాయ్ దీని దగ్గరి బంధువైన కూపర్ జంట పెట్టెను క్యూబిట్‌గా, అంటే క్వాంటమ్ కంప్యూటర్ బిట్‌గా, నడిపించారు. దాని క్వాంటమ్ స్థితి నానోసెకన్లలో చెదిరిపోయింది. 2007లో యేల్ పరిశోధకులు దానికి పెద్ద కెపాసిటర్ తగిలించి, ఆవేశాన్ని పట్టించుకోకుండా కావాలనే మొద్దుబార్చారు. పేరు ట్రాన్స్‌మాన్. అమరావతిలో ఐబీఎం, టీసీఎస్ నెలకొల్పుతామని 2025లో ప్రకటించిన క్వాంటమ్ కంప్యూటర్‌లోని 156 క్యూబిట్లూ ఆ వంశానివే.

జత తప్పిన ఎలక్ట్రాన్ల బెడద మాత్రం వీటికీ తప్పలేదు. అంతరిక్షం నుంచి వచ్చిన కణం చిప్‌కు తగిలితే జంటలు గుంపులుగా విరిగి, ఒకేసారి అనేక క్యూబిట్లు తప్పులు చేస్తాయి.